మనోరథమును పరిశ్రమయు



పరీక్షాఫలితములు వెలువడిన దినమున ప్రతి పాఠశాలయందును రెండు దృశ్యములు కానవచ్చును. ఉత్తీర్ణులైనవారు గుంపులు గూడి సంతోషముతో మాటలాడుకొనుచుందురు. తప్పినవారు ఒకరి కంటబడకుండ గోడప్రక్కగా నడచి యింటికి పోవుదురు. మొదటివారిని మెచ్చుకొనువారు పెక్కుమంది గలరు. రెండవవారిలో ఒకనిని గూర్చియే ఈ వ్యాసము వ్రాయబడుచున్నది. అతడు మెట్రిక్యులేషను పరీక్షయందు ఒకమారు గాదు, రెండుమారులు తప్పెను. అతని పేరు యల్లాప్రగడ సుబ్బారావు.

నేడు అనేక పాఠశాలలలో బాలబాలికలకు వారమున కొకమారు ఇచ్చుచున్న నీలిరంగు మాత్రను మీలో పెక్కుమంది మ్రింగియే యుందురు. అందు ఇనుముతో గూడ ఫోలికామ్లము అను పదార్థము గలదు. దానిని రసాయనశాలలో తయారుచేయు మార్గమును 1945వ సంవత్సరమున లోకమునకు చూపిన పరిశోధకబృందమునకు నాయకుడు, పరీక్ష తప్పిన ఆ భీమవరపు బాలుడే. అతడు అక్కడికి ఎట్లు చేరెనో తెలిసికొన్నచో, కలలు కనుటకును వానిని సాధించుటకును మధ్యనున్న దారి యెట్టిదో మనకు బోధపడును.

1. కోరికయు మనోరథమును

"పెద్దయైన పిమ్మట నీవేమి కాగోరుదువు?" అని అడిగినచో ప్రత్యుత్తరము చెప్పలేని విద్యార్థి యుండడు. డాక్టరునని ఒకడును, ఇంజనీరునని వేఱొకడును, కలెక్టరునని ఒక బాలికయు తడువుకొనక చెప్పుదురు. వెంటనే "దానికై ఈ వారమున నీవేమి చేసితివి?" అని అడిగినచో తరగతి యంతయు నిశ్శబ్దమగును. మొదటి ప్రశ్నకు వచ్చిన ఉత్తరము కోరిక మాత్రమే. రెండవ ప్రశ్నకును ఉత్తరమున్నప్పుడే దానిని మనోరథమని చెప్పదగును.

మన పెద్దలు ఈ పదమును ఎంతయో తెలిసి కల్పించిరి. మనోరథమనగా మనస్సను రథము. రథమును ఎంత అలంకరించినను గుఱ్ఱములను కట్టనిచో అది వాకిటనే నిలిచియుండును. రథమును కట్టని గుఱ్ఱము పగలెల్ల పరుగెత్తినను ఒకరిని ఒక చోటికి చేర్పజాలదు. ఆశయము లేని శ్రమయు, శ్రమ లేని ఆశయమును ఇట్టివే. రెండును కూడినప్పుడే ప్రయాణము సాగును.

2. మూడు కలలు

సుబ్బారావు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించెను. తండ్రి జగన్నాథము, తల్లి వెంకమ్మ. ఏడుగురు సంతానములో ఇతడు నాలుగవవాడు. కుటుంబమునకు ధనబలము లేదు.

పదుమూడేండ్ల ప్రాయమున ఇతనికి మొదటి కల కలిగెను. కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనము గడింపవలెనని తలచి ఇల్లు విడిచి బయలుదేరెను. ఇంటివారు వెదకి వెనుకకు తెచ్చిరి. తల్లి పట్టుబట్టి మరల బడికి పంపెను. అయినను చదువు సులభముగా సాగలేదు. రెండుమారులు పరీక్ష తప్పి, మూడవమారు మదరాసులోని హిందూ హైస్కూలునుండి మెట్రిక్యులేషను ఉత్తీర్ణుడయ్యెను.

కళాశాలలో చదువు దినములలో రెండవ కల కలిగెను. రామకృష్ణ మఠమువారి సేవాకార్యములు చూచి, తానును సన్న్యసించి ప్రజలకు సేవ చేయవలెనని సంకల్పించెను. తల్లి అంగీకరింపలేదు. మఠములోని పెద్దలు, వైద్యము నేర్చినచో సేవకు మేలగునని హితము చెప్పిరి. అందువలన మదరాసు వైద్యకళాశాలలో ప్రవేశించెను.

మూడవ కల దుఃఖమునుండి పుట్టెను. ఉష్ణదేశములలో వచ్చు స్ప్రూ అను గ్రహణి జాతి వ్యాధివలన ఇతని సోదరులిద్దరు కొద్ది దినముల వ్యవధిలోనే మరణించిరి. ఈ వ్యాధియందు తిన్న ఆహారము ఒంటబట్టదు. రక్తము క్షీణించును. మనుష్యుడు ఎండిన కఱ్ఱవలె కృశించిపోవును. పిదప సుబ్బారావునకును అదే వ్యాధి సోకగా, ఆయుర్వేద వైద్యుడగు డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారి చికిత్సవలన ప్రాణములు దక్కెను. తాను బ్రదికెను, సోదరులు బ్రదుకలేదు. ఏ వ్యాధికి తనవారు బలియైరో ఆ వ్యాధికి మందు కనుగొనవలెనను తలంపు అప్పటినుండి ఇతనిని విడువలేదు.

ఈ మూడు కలలను వరుసగా చూడుడు. మొదటిది తన ధనమును గూర్చినది. రెండవది పరులకొఱకే యైనను, ఏ పని చేయవలెనో స్పష్టముగా తెలియనిది. మూడవదియందు ఎవరికొఱకు, ఏమి, ఎట్లు అను మూడు ప్రశ్నలకును ఉత్తరము ఏర్పడెను. మీ కల నేడు చిన్నదైనచో సిగ్గుపడ నక్కఱలేదు. అరటిపండ్ల కలకంటె చిన్న కల యేమున్నది? అది మీతోకూడ పెరుగుచున్నదా లేదా యనునదే చూచుకొనదగినది.

3. ద్వారములు మూసికొనినప్పుడు

వైద్యకళాశాలలోను మార్గము నిష్కంటకముగా లేదు. అది గాంధీమహాత్ముని పిలుపుపై విదేశవస్త్రములను విడనాడుచున్న కాలము. సుబ్బారావు శస్త్రచికిత్సాగారమునకు ఖద్దరు దుస్తులతో పోయెను. అది ఒక అధ్యాపకునికి నచ్చలేదు. వ్రాతపరీక్షలలో చక్కగా వ్రాసినను, పూర్తి ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు దానికంటె తక్కువదియగు ఎల్.ఎం.ఎస్. పట్టము మాత్రమే లభించెను. దానివలన మదరాసు ప్రభుత్వ వైద్యశాఖలో కోరిన ఉద్యోగము దొరకలేదు. ఆయన నిరుద్యోగియై కూర్చుండక, ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రము బోధించుచు, విదేశములలో పరిశోధన నేర్చుటకు దారి వెదకెను.

కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సహాయము చేయుదునని మాటయిచ్చెను. మామగారు కొంత ధనము సమకూర్చిరి. 1922వ సంవత్సరము అక్టోబరు నెలలో సుబ్బారావు అమెరికాలోని బోస్టను నగరము చేరి హార్వర్డు విశ్వవిద్యాలయమున ఉష్ణదేశవ్యాధుల విద్యను అభ్యసింప మొదలుపెట్టెను. చేతిలో ధనము చాలదు. పట్టమున్న వైద్యుడైనను ఆ దేశమున వైద్యము చేయుటకు అర్హత లేదు. అందుచే ఒక ఆసుపత్రిలో రాత్రివేళ సేవకుడై చేరి, రోగుల మలమూత్రపాత్రలను కడిగి, ఆ జీతముతో పగలు చదువుకొనెను.

ఇచ్చట ఒక్క క్షణము నిలిచి ఆలోచింపుడు. పరీక్ష తప్పినప్పుడును, తక్కువ పట్టము వచ్చినప్పుడును, పాత్రలు కడుగవలసినప్పుడును, ఇది నాకు తగిన పనికాదని వెనుదిరుగుటకు ఆయనకు తగిన కారణమే యుండెను. వెనుదిరిగినచో లోకము నిందించియుండదు. లోకమునకు ఆయన పేరే తెలిసియుండదు.

4. నీలిరంగు నేర్పిన పాఠము

పరిశ్రమ అనగానే రాత్రియెల్ల మేలుకొని పుస్తకములు వల్లించుటయని కొందఱు తలంతురు. అది పరిశ్రమలో ఒక భాగము మాత్రమే. మంచి పరిశ్రమకు ముఖ్యలక్షణము శ్రద్ధతో చూచుట. దీనికి సుబ్బారావు చేసిన మొదటి గొప్ప పరిశోధనయే దృష్టాంతము.

ఆయన హార్వర్డునందు సైరస్ ఫిస్కె అను ఆచార్యునియొద్ద జీవరసాయనశాస్త్రమున పనిచేసెను. రక్తమునందును మూత్రమునందును భాస్వరము ఎంత యున్నదో కొలుచుటకు సులభమైన ఉపాయము కావలసియుండెను. భాస్వరపు లవణమునకు మాలిబ్డేటు అను ద్రవ్యమును ఆమ్లముతో కలిపి, మఱియొక తగిన ద్రవ్యమును చేర్చినచో నీలిరంగు పుట్టును. భాస్వరము ఎంత హెచ్చుగా నుండునో రంగు అంత గాఢముగా నుండును. తెలిసిన పరిమాణముగల ద్రావకపు రంగుతో పోల్చి చూచినచో తెలియని పరిమాణము తేలును. ఈ విధానమును వారిరువురు 1925లో ప్రకటించిరి. ఫిస్కె–సుబ్బారావు పద్ధతి యను పేర అది నేటికిని విద్యార్థులకు బోధింపబడుచున్నది.

ఈ పద్ధతితో కండరముల రసమును పరీక్షించునపుడు ఒక వింత కనబడెను. రంగు రావలసిన వేగమున రాలేదు. మొదట లేతగా నుండి, కాలము గడచినకొలది మెల్లమెల్లగా ముదురుచుండెను. అజాగరూకుడు దీనిని చేతితప్పు అని త్రోసివేసి, తుదకు వచ్చిన రంగునే వ్రాసికొని పోయియుండును. వారు అట్లు చేయలేదు. ఈ ఆలస్యమునకు హేతువేమి యని ప్రశ్నించి, మరల మరల పరీక్షించిరి. కండరములో అప్పటివఱకు ఎవరికిని తెలియని ఒక పదార్థమున్నదనియు, అది పరీక్షానాళికలో మెల్లగా విచ్ఛిన్నమగుచు భాస్వరమును విడుచుచుండుటచే రంగు ఆలస్యమగుచున్నదనియు తేలెను. అదియే ఫాస్ఫోక్రియాటిన్. దానిని వారు 1927లో ప్రకటించిరి. కండరము పనిచేయునపుడు అది తగ్గును, విశ్రమించునపుడు మరల పెరుగును. 1929లో ఏ.టి.పి. అను మఱియొక ముఖ్యపదార్థమునుగూడ కండరమునుండి వేరుచేసిరి. అదే సంవత్సరమున జర్మనీలో కార్ల్ లోమన్ అను శాస్త్రజ్ఞుడును స్వతంత్రముగా దానిని కనుగొనెను. మీరు పరుగెత్తునప్పుడును, ఈ పుటను చదువునప్పుడును మీ దేహమందలి ప్రతి కణమును తన పనికి కావలసిన శక్తిని ఏ.టి.పి. నుండియే పొందుచున్నది.

రంగు కొంచెము ఆలస్యముగా వచ్చుట ఎంత స్వల్పవిషయము! దానిని గమనించినందున జీవశక్తి రహస్యమునకు ఒక ద్వారము తెరువబడెను. గణితములో లెక్క తప్పినప్పుడు కొట్టివేసి పైలెక్కకు పోవకుడు. ఎచ్చట తప్పెనో వెదకుడు. మీకు తెలియనిది ఆ చోటనే దాగియున్నది.

5. వెదకినది ఒకటి, దొరకినది మఱియొకటి

1926లో బోస్టను వైద్యులగు మైనటు, మర్ఫీ యనువారు, ప్రాణాంతకమగు ఒక జాతి పాండురోగము పశువుల కాలేయమును తినిపించుటచే నయమగునని చూపిరి. కాలేయమందలి ఏ పదార్థము ఈ పని చేయుచున్నదో తెలియదు. రక్తము క్షీణించి మరణించిన తన సోదరులను మఱువని సుబ్బారావు ఆ పదార్థమును వెదకుటకు పూనుకొని సంవత్సరముల తరబడి కాలేయసారమును పరిశోధించెను. 1930లో డాక్టరేటు పట్టము పొందినను హార్వర్డులో స్థిరమైన ఆచార్యపదవి లభింపలేదు. 1940లో లెడర్లే అను ఔషధసంస్థలో చేరి, పిదప అచ్చటి పరిశోధనలకు అధ్యక్షుడయ్యెను.

అచ్చటి బృందము 1945లో ఫోలికామ్లమును కృత్రిమముగా తయారుచేసెను. అయితే అది ఆయన మొదట వెదకిన పదార్థము కాదు! ఆ పాండురోగమును పూర్తిగా కుదుర్చు పదార్థము బి12 విటమిను. దానిని 1948లో అమెరికాలోను ఇంగ్లండులోను ఇతర శాస్త్రజ్ఞులు వేరుచేసిరి. అట్లయినచో సుబ్బారావు శ్రమ వ్యర్థమైనదా? కాలేదు. క్యూబా దేశమున టామ్ స్పీస్ అను వైద్యుడు గ్రహణి రోగులకు ఫోలికామ్లమును ఈయగా వారు కోలుకొనిరి. నేడు గర్భిణీస్త్రీలకు దీనిని ఇచ్చి, పుట్టబోవు శిశువు వెన్నెముకకును మెదడునకును కలుగు కొన్ని లోపములను నివారించుచున్నారు.

ఫోలికామ్లమును పోలియుండి దాని పనిని అడ్డగించు పదార్థములనుగూడ ఆ బృందము తయారుచేసెను. వానిలో నొకదానిని బోస్టను వైద్యుడు సిడ్నీ ఫార్బరు రక్తపు కాన్సరుతో బాధపడుచున్న 16 మంది పిల్లలకు ఇచ్చెను. వారిలో పదిమందికి కొంతకాలము ఉపశమనము కలిగెనని 1948లో ప్రకటించెను. ఆ వ్యాధికి అంతకుముందు చెప్పదగిన చికిత్సయే లేదు. ఈ కుటుంబమునకే చెందిన మెథోట్రెక్సేటు నేటికిని వాడుకలో నున్నది. బోదకాలు వ్యాధికి ఇచ్చు డి.ఇ.సి. మందు 1947లో అక్కడనే వెలువడెను. గోదావరి మండలపు పల్లెలలో బోదకాలు ఎఱుగని వృద్ధులుండరు.

1948లోనే, ఉద్యోగవిరమణానంతరము ఆ పరిశోధనాలయమున పనిచేయుచున్న వృద్ధశాస్త్రజ్ఞుడు బెంజమిన్ డుగ్గరు, మట్టిలోని సూక్ష్మజీవినుండి లభించిన ఆరియోమైసిన్ అను మందును ప్రకటించెను. టెట్రాసైక్లిన్ జాతి మందులలో ఇది ప్రథమము. ఇపుడు ఈ విషయమును గమనింపుడు. నేటి వైద్యులు ఆ ఉష్ణదేశపు గ్రహణివ్యాధికి ఇచ్చు ప్రధానమైన మందులు రెండు: ఫోలికామ్లమును, టెట్రాసైక్లిన్ జాతి మందును. సోదరులను కోల్పోయిన యువకుని కల, ఆయన అధ్యక్షతలోనున్న పరిశోధనాలయమునుండియే రెండు విధముల ఫలించెను. సరిగా ఊహించిన రూపమున ఫలింపలేదు. ఒంటరిగాను ఫలింపలేదు. పెక్కుమంది చేతులు కలిసిన పిమ్మట ఫలించెను.

6. మూల్యము

ఇంతవఱకు ఫలములను చెప్పితిమి. మూల్యమును చెప్పక దాచుట న్యాయముగాదు. 1922లో దేశమును విడిచిన సుబ్బారావు మరల స్వదేశమును చూడలేదు. భార్యయు ఆయనను మరల చూడలేదు. కన్నతల్లికి దూరముగా, పరిశోధనాలయమే ఇల్లుగా జీవించి, 1948 ఆగస్టు నెలలో ఏబదిమూడేండ్ల ప్రాయమున అమెరికాలోనే మరణించెను. జీవితకాలమున ఆయనకు గొప్ప బిరుదులు రాలేదు. 1995లో శతజయంతి సందర్భమున భారతప్రభుత్వము ఆయన చిత్రముతో తపాలాబిళ్ళను వెలువరించెను.

గొప్ప కలకు వెల గలదు. ఆ వెలలో కొంత కలగన్నవాడు చెల్లించును, కొంత అతనివారు చెల్లింతురు. ఈ విషయము తెలిసికొన్న విద్యార్థి, తనకొఱకు పస్తులుండి ఫీజు కట్టు తండ్రిని, దీపము ప్రక్క మేలుకొనియుండు తల్లిని మఱువడు. అందఱును ఇల్లు విడిచి దూరదేశములకు పోవలెనని ఈ కథ చెప్పుటలేదు. ఏది విడువవలెనో, ఏది విడువరాదో ముందుగా యోచించుకొనవలెనని మాత్రము హెచ్చరించుచున్నది.

తల్లిదండ్రులకు ఒక్కమాట. వెంకమ్మగారు కుమారుని అరటిపండ్ల వ్యాపారమునకు పోనీయలేదు. రెండుమారులు తప్పినను చదువు మాన్పలేదు. బిడ్డ తప్పిన దినమున ఇంటిలో ఎట్టి మాట వినబడునో దానినిబట్టియే మూడవ ప్రయత్నముండుటయు లేకుండుటయు నిర్ణయమగుచున్నది.

7. ఉపసంహారము

విద్యార్థులారా, కష్టపడినవారందఱును సుబ్బారావులు అగుదురని చెప్పినచో అది అసత్యమగును. శ్రమించియు కోరినది పొందనివారు లోకమున పెక్కుమంది కలరు. కాని శ్రమించినవాడు ఉన్నచోటనే యుండడు. వెదకినది దొరకకున్నను, వెదకుటవలన అలవడిన చూపును నేర్పును అతనితోనే యుండును. ఆ చూపునకే ఒకనాడు, తాను వెదకనిది, తాను వెదకినదానికంటె మేలైనది కనబడవచ్చును.

కావున కల గనుడు. ఎవరికొఱకో నిర్ణయించుకొనుడు. దానిని ఈ వారపు పనిగా మార్చుకొనుడు. తప్పినచో ఎచ్చట తప్పెనో చూచి మరల కూర్చుండుడు. వచ్చు వారము నీలిరంగు మాత్ర మీ అరచేతిలో పడినప్పుడు, గోడప్రక్కగా నడచి యింటికి పోయిన ఒక బాలుని ఒక్కమారు తలచుకొనుడు.

ఆలోచింపవలసిన ప్రశ్నలు

1. కోరికకును మనోరథమునకును గల భేదమును మీ జీవితమునుండి ఒక ఉదాహరణముతో వివరింపుడు.

2. సుబ్బారావుయొక్క మూడు కలలలో ఒకదానికంటె మఱియొకటి ఎట్లు పెరిగెను?

3. నీలిరంగు ఆలస్యముగా వచ్చుటను పరిశోధకులు చేతితప్పుగా భావించియున్నచో ఏమి జరిగియుండును?

4. మీ ఆశయమునకై మీరును, మీ ఇంటివారును చెల్లించుచున్న వెల యేమి? తల్లిదండ్రులతో మాటలాడి వ్రాయుడు.